ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడని సెకండ్ బేస్‌మన్: ఎర్ల్ వీవర్ గురించి తెలిసినవారు రాయండి

గోదావరి గట్టు · శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మేము మేరీల్యాండ్‌కు వచ్చి నాలుగేళ్ళయింది. ఇవాళ మా అబ్బాయిని తీసుకుని బాల్టిమోర్‌లోని క్యామ్డెన్ యార్డ్స్‌లో ఓరియోల్స్ అనే బేస్‌బాల్ జట్టు మ్యాచ్‌కు వెళ్ళాను. లెఫ్ట్ సెంటర్ ఫీల్డ్ వెనక, బంతి విసిరేవారు సాధన చేసుకునే బుల్‌పెన్‌ల దగ్గర ఆరు కంచు విగ్రహాలున్నాయి. 2012లో పెట్టారట. అందులో ఐదుగురు ఆటగాళ్ళు. ఆరో ఆయన పొట్టి మనిషి. చేతిలో బ్యాటు లేదు, గ్లవ్ లేదు. రెండు చేతులూ ప్యాంటు వెనక జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. మావాడు అక్కడే ఆగిపోయి, "నాన్నా, ఈయన ఏ పొజిషన్‌లో ఆడేవారు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి చదివాను. ఆయన పేరు ఎర్ల్ వీవర్. సెకండ్ బేస్ ఆడేవారు, కానీ కింది స్థాయి మైనర్ లీగుల్లోనే. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ మనిషే 17 సీజన్లు మేనేజరుగా ఓరియోల్స్‌ను నడిపించి 1,480 మ్యాచ్‌లు గెలిపించారు. 1996లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.

ఇది ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. మావాడికి పదకొండేళ్ళు. సెకండ్ బేస్ ఆడతాడు. తోటివాళ్ళలో అందరికన్నా పొట్టి. పోయిన నెల వాడిని మొదటి జట్టు నుంచి రెండో జట్టుకు మార్చారు. అప్పటి నుంచి గ్లవ్ ముట్టుకోవడం లేదు. ఇవాళ ఆ విగ్రహం ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అని మన సామెత. మరి ఈయన విషయంలో ఆ సామెత ఎందుకు తప్పిందో తెలిసినవారు వివరంగా రాయండి. వాడికి చదివి వినిపిస్తాను.

పాత స్కోరుబోర్డు · శనివారం, రాత్రి 11:55

మంచి ప్రశ్న వేశారు. క్రికెట్ మాత్రమే తెలిసినవారి కోసం ముందు నాలుగు మాటలు చెబుతాను. బేస్‌బాల్‌లో మూడు బేస్‌ల చుట్టూ కాపలా కాసే నలుగురిని ఇన్‌ఫీల్డర్లు అంటారు. ఫస్ట్ బేస్, సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్. సెకండ్ బేస్‌మన్‌కు అన్నిటికన్నా కష్టమైన పని డబుల్ ప్లే. ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయాలి. ఫస్ట్ బేస్ నుంచి రన్నర్ ఈ సెకండ్ బేస్‌మన్ కాళ్ళ మీదికి జారుతూ వస్తుంటాడు. షార్ట్‌స్టాప్ విసిరిన బంతి అందుకుని, పాదం తిప్పి, ఆ రన్నర్‌ను తప్పించుకుంటూ ఫస్ట్ బేస్‌కు విసరాలి. భయపడినవాడు ఆ స్థానంలో ఒక నెల కూడా నిలబడలేడు.

వీవర్ 1930లో సెయింట్ లూయిస్‌లో పుట్టారు. నాన్నగారిది బట్టలు డ్రై క్లీనింగ్ చేసే వ్యాపారం. ఆ ఊళ్ళో అప్పుడు కార్డినల్స్, బ్రౌన్స్ అని రెండు మేజర్ లీగ్ జట్లుండేవి. వాటి యూనిఫాంలు ఈయన నాన్న దగ్గరికే వచ్చేవి. పిల్లవాడు నాన్న వెంట స్టేడియంలోకి వెళ్ళి ఆటగాళ్ళ గదులు, మైదానం దగ్గరి నుంచి చూస్తూ పెరిగాడు. 1948లో హైస్కూలు పూర్తికాగానే కార్డినల్స్ సంస్థ ఆయనను తీసుకుంది. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు.

ఆ తర్వాత నాలుగేళ్ళూ చూడండి. 1948లో ఇల్లినాయ్‌లోని వెస్ట్ ఫ్రాంక్‌ఫర్ట్, 1949లో మిస్సోరిలోని సెయింట్ జోసెఫ్, 1950లో నార్త్ కరోలైనాలోని విన్‌స్టన్ సేలం, 1951లో ఒమాహా. అప్పట్లో మైనర్ లీగులకు తరగతులుండేవి. అట్టడుగున డి, దాని మీద సి, బి, ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ. వీవర్ ఏడాదికి ఒక మెట్టు చొప్పున డి నుంచి ఎ దాకా ఎక్కేశారు. విన్‌స్టన్ సేలం జట్టు ఆ ఏడు కరోలైనా లీగ్ గెలిచింది కూడా. పై రెండు తరగతులూ దాటించి నేరుగా శిబిరానికి పిలిస్తే, ఇంకొక్క అడుగు వేస్తే సొంత ఊరి జట్టే.

కృష్ణాతీరం · ఆదివారం, ఉదయం 7:10

ఇన్ని తరగతులా! దేశం మొత్తం మీద ఎన్ని లీగులుండేవి? అలాగే మేనేజరు అంటే కోచ్ అనే అర్థం చేసుకోవాలా?

పాత స్కోరుబోర్డు · ఆదివారం, ఉదయం 8:25

1949లో ఏకంగా 59 మైనర్ లీగులున్నాయి. చిన్న చిన్న ఊళ్ళకు కూడా సొంత జట్టు ఉండేది. టెలివిజన్ వచ్చాక చాలా జట్లు మూతపడ్డాయి. ఇప్పుడు ఒక్కో మేజర్ లీగ్ జట్టుకు నాలుగు చొప్పున మొత్తం 120 మైనర్ జట్లున్నాయి.

బేస్‌బాల్ మేనేజరంటే క్రికెట్‌లో హెడ్ కోచ్, కెప్టెన్ ఇద్దరి పనీ ఒక్కరే చేసినట్టు. ఎవరిని ఆడించాలి, ఏ క్రమంలో పంపాలి, బంతి విసిరే పిచ్చర్‌ను ఎప్పుడు మార్చాలి, అన్నీ ఆయన చేతిలోనే. కోచ్ అనే మాట మేనేజరు కింద పనిచేసే సహాయకులకు వాడతారు. వీవర్ ఆ పని కూడా చేశారు. 1968 సీజన్ మొదట్లో ఓరియోల్స్‌కు ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే కోచ్ ఆయనే.

మెదక్ మాస్టారు · ఆదివారం, ఉదయం 9:30

నేను చిన్న పట్టణంలో పిల్లలకు క్రికెట్ నేర్పుతాను. బేస్‌బాల్ నాకు కొత్త. కానీ ఆ "ఇంకొక్క అడుగు" దగ్గర ఏం జరిగిందో తప్పకుండా చెప్పండి. నేనూ జిల్లా జట్టు ఎంపికల దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాడినే. అక్కడి నుంచి మనిషి ఎటు నడుస్తాడనేదే నాకు ముఖ్యం.

పాత స్కోరుబోర్డు · ఆదివారం, ఉదయం 10:50

మాస్టారూ, అది 1952 వసంతం. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కార్డినల్స్ శిక్షణ శిబిరం. వీవర్‌కు పిలుపు వచ్చింది. వయసు 21. అప్పటికే ఆ జట్టులో సెకండ్ బేస్ దగ్గర రెడ్ షెండీన్స్ట్ ఉన్నారు. తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్ళినవాడు. అది చాలదన్నట్టు ఆ ఏడే కొత్త మేనేజరుగా ఎడ్డీ స్టాంకీ వచ్చారు. ఆయన ఇంకా మైదానంలో దిగి ఆడుతున్న మేనేజరు, ఆయన స్థానమూ సెకండ్ బేసే. వీవర్‌కు చోటు దొరకలేదు. ఆయనను తిరిగి మైనర్ లీగులకు పంపేశారు. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదు.

ఆ తర్వాతి నాలుగేళ్ళూ హ్యూస్టన్, మళ్ళీ ఒమాహా, డెన్వర్, న్యూ ఆర్లీన్స్ అంటూ మూట సర్దుకుని తిరగడమే. మేజర్ లీగ్ పిలుపు మళ్ళీ రాలేదు. తనకు అంత సామర్థ్యం లేదని ఆయనకే అర్థమైంది. గుండె పగిలిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. దానికి కలిపి మరో మాటా చెప్పారు. తన లోపాన్ని చూసి, దానిని ఒప్పుకున్నాకనే ఇతరుల లోపాలను కూడా చూసి ఒప్పుకోగలిగానని, ఒక ఆటగాడు ఏం చేయలేడు అనేదాని కన్నా ఏం చేయగలడు అన్నదాని మీద చూపు పడడం అక్కడే మొదలైందని ఆ మాటల సారం. ఆయన మేనేజరుగా చేసిన ప్రతి పనిలోనూ నాకు ఇదే కనిపిస్తుంది.

1956లో నాక్స్‌విల్ జట్టుకు ఆడుతూనే మేనేజరయ్యారు. మరుసటి ఏడు ఓరియోల్స్ సంస్థలో ఉన్న హ్యారీ డాల్టన్ ఆయనను తీసుకుని జార్జియాలోని ఫిట్జెరాల్డ్ అనే చిన్న ఊరికి పంపారు. ఏ తరగతి అనుకున్నారు? డి తరగతి. అట్టడుగు మెట్టు. 1958లో డబ్లిన్, అది కూడా జార్జియాలోనే, అదీ డి తరగతే. 1959లో సౌత్ డకోటాలోని అబర్డీన్, సి తరగతి. 1960, 61లలో విస్కాన్సిన్‌లోని ఫాక్స్ సిటీస్, బి తరగతి. 1962 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా, ఎ తరగతి, తర్వాత అదే డబుల్ ఎ అయింది. 1966, 67లలో రోచెస్టర్, ట్రిపుల్ ఎ.

ఆటగాడిగా పదిహేడో ఏట ఎక్కిన నిచ్చెననే మేనేజరుగా మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎక్కారు. రెండోసారి పదేళ్ళకు పైగా పట్టింది. 1968 జూలై 11న హ్యాంక్ బావర్ స్థానంలో ఓరియోల్స్ మేనేజరయ్యేనాటికి ఆయనకు 37 ఏళ్ళు.

మెదక్ మాస్టారు · ఆదివారం, ఉదయం 11:35

ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎంపిక కాని రోజు నేను ఇంటికి వచ్చి బ్యాటును అటక మీద పెట్టేశాను. దాన్ని మళ్ళీ దించడానికి ఆరేళ్ళు పట్టింది. ఈయన నాలుగేళ్ళు తిరిగి, మళ్ళీ డి తరగతి బస్సు ఎక్కారు.

మన ఆటలోనూ ఇలాంటివారున్నారు. సచిన్ టెండూల్కర్ గురువు రమాకాంత్ ఆచ్రేకర్ ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఒకే ఒక్కటి. అది కూడా మన హైదరాబాద్ మొయినుద్దౌలా టోర్నమెంటులో. ఆ ఒక్క మ్యాచ్ తర్వాత ఆయన శివాజీ పార్కుకు వెళ్ళి ఎందరిని తయారుచేశారో మనకు తెలుసు.

బాల్టిమోర్ బాబాయి · ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఈ పేరు చూడగానే ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను 1977లో డాక్టరుగా శిక్షణ కోసం బాల్టిమోర్ వచ్చాను. వార్డులో తోటివారంతా బేస్‌బాల్ మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక పెద్దావిడ, నా పేషెంటు, మంచం మీద పడుకుని రేడియో వింటూ నాకు ఆట నేర్పింది. ఆమె వీవర్‌ను ఎప్పుడూ "ఎర్ల్" అనే పిలిచేది, ఇంటి మనిషిలా. ఆమె మాట మీదే నేను మొదటిసారి మెమోరియల్ స్టేడియానికి వెళ్ళాను.

ఆయన చేసిన పనుల్లో నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడడానికి ఒక గొప్ప ఆటగాడు లేడు. జాన్ లోవెన్‌స్టీన్ ఎడమచేతి బ్యాటర్, గ్యారీ రోనికీ కుడిచేతి బ్యాటర్. కుడిచేతి పిచ్చర్ వస్తే లోవెన్‌స్టీన్‌ను, ఎడమచేతి పిచ్చర్ వస్తే రోనికీని దింపేవారు. మన క్రికెట్‌లో ఆఫ్ స్పిన్నర్ వచ్చినప్పుడు ఎడమచేతి బ్యాటర్‌కు జాగ్రత్త చెబుతారు. ఇక్కడ అది తలకిందులు, ఎదురుచేతి పిచ్చర్ అయితేనే బ్యాటర్‌కు తేలిక. 1982లో లోవెన్‌స్టీన్ 24 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటి దెబ్బలు), రోనికీ 21 కొట్టారు. ఇద్దరినీ కలిపితే 45. ఇద్దరు మామూలు ఆటగాళ్ళ నుంచి ఒక మహా ఆటగాడిని తయారుచేశారు.

ఆ ఏడాది చివరి రోజు నేను అక్కడే ఉన్నాను. అక్టోబరు 3. సీజన్ తర్వాత వెళ్ళిపోతానని ఆయన ముందే చెప్పేశారు. మిల్వాకీ బ్రూవర్స్ కన్నా మూడు మ్యాచ్‌లు వెనకబడి, వాళ్ళతోనే నాలుగు మ్యాచ్‌లు మిగిలాయి. శుక్రవారం రెండు గెలిచారు, శనివారం ఒకటి గెలిచారు. సమానమయ్యారు. ఆదివారం 10-2తో ఓడిపోయారు. నేను ఇంటికి వెళ్ళడానికి లేచాను. చుట్టూ ఒక్కరూ లేవలేదు. అందరూ ఆయన పేరు పిలుస్తూ నిలబడ్డారు. ఆయన బయటికి వచ్చారు. కళ్ళు తుడుచుకుంటున్నారు. ఓడిన జట్టు మేనేజరు కోసం యాభై వేలమంది నిలబడి చప్పట్లు కొట్టడం ఆ ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నల్లమల · ఆదివారం, సాయంత్రం 4:40

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఉండాలి. రెండు విషయాలు.

మొదటిది, ఆయన అంపైర్లతో ప్రవర్తించిన తీరు. అంపైర్లు ఆయనను 90 సార్లకు పైగా మైదానం నుంచి బయటికి పంపించారు. టోపీని వెనక్కి తిప్పి, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి అరిచేవారు. పిల్లలకు చూపించదగ్గ పద్ధతి కాదది.

రెండోది ఇంకా ముఖ్యమైనది. మేజర్ లీగ్ ఆడని తెల్ల మనిషికి 1956లోనే మేనేజరు ఉద్యోగం దొరికింది. అదే ఓరియోల్స్‌లో ఆడిన ఫ్రాంక్ రాబిన్సన్ రెండు లీగుల్లోనూ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు. అయినా నల్లజాతివాడు కాబట్టి, మేజర్ లీగ్ మొత్తంలో మొదటి నల్లజాతి మేనేజరు కావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా క్లీవ్‌ల్యాండ్‌లో. నిచ్చెన రెండోసారి ఎక్కే అవకాశం అందరికీ ఇచ్చారా? వీవర్ కథ చెప్పేటప్పుడు ఈ మాట వదిలేస్తే కథ సగమే.

బాల్టిమోర్ బాబాయి · ఆదివారం, సాయంత్రం 6:05

నల్లమల గారూ, రెండో మాటకు నా దగ్గర ఎదురు లేదు. నిజం అదే. ఒక్కటి మాత్రం కలుపుతాను. వీవర్ చలికాలాల్లో ప్యూర్టోరికోలోని సాంటుర్సే జట్టును నడిపేవారు. 1968లో ఓరియోల్స్ మేనేజరయ్యాక ఆ జట్టు ఫ్రాంక్ రాబిన్సన్ చేతికి వచ్చింది. అప్పటికి రాబిన్సన్ ఇంకా ఆడుతూనే ఉన్నారు. మేనేజరుగా ఆయన నేర్చుకున్నది అక్కడే, వీవర్ ప్రోత్సాహంతోనే. మీరు చెప్పిన అన్యాయం దీనితో మాసిపోదు. కానీ తాను ఎక్కిన నిచ్చెనను ఆయన లాగేయలేదు.

అంపైర్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను. రాన్ లూచియానో అనే అంపైరు మైనర్ లీగ్ రోజుల్లో ఒకే సిరీస్‌లో నాలుగు మ్యాచ్‌లకు నాలుగింటిలోనూ వీవర్‌ను బయటికి పంపారు. మేజర్ లీగ్‌కు వచ్చాక కూడా ఆ వైరం తగ్గలేదు. చివరికి లూచియానో బృందాన్ని ఓరియోల్స్ మ్యాచ్‌లకు వేయడం మానేశారు. ఆ టోపీ తిప్పడం దేనికంటే, టోపీ అంచు అంపైరుకు తగిలితే పెద్ద శిక్ష పడుతుందని. అంత కోపంలోనూ ఆ లెక్క మరిచిపోయేవారు కాదు. అయినా మన పిల్లలు అది నేర్చుకోనవసరం లేదు.

సాఫ్ట్‌బాల్ అమ్మ · ఆదివారం, రాత్రి 8:20

మా అమ్మాయి కూడా సెకండ్ బేస్ ఆడుతుంది, సాఫ్ట్‌బాల్‌లో. నాకు ఒక సందేహం. ఇన్‌ఫీల్డర్లే ఎందుకు ఎక్కువగా మంచి మేనేజర్లు అవుతారని అంటారు? పిచ్చర్ చేతిలోనే కదా ఆటంతా ఉండేది?

పాత స్కోరుబోర్డు · ఆదివారం, రాత్రి 9:45

మేనేజర్లలో క్యాచర్లు (బ్యాటర్ వెనక కూర్చుని పిచ్చర్ బంతిని అందుకునేవారు) కూడా చాలామంది ఉన్నారు. కానీ సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్ వారికి ఒక వసతి ఉంది. తమ చోటు నుంచి వారికి క్యాచర్ వేళ్ళ సంకేతాలు కనిపిస్తాయి. ఏ బంతి రాబోతోందో ముందే తెలుస్తుంది. దానిని బట్టి ప్రతి బంతికీ ఒకటి రెండు అడుగులు అటో ఇటో జరగాలి. బేస్ మీద ఎవరున్నారు, ఎన్ని అవుట్లయ్యాయి, బంతి తన దగ్గరికి వస్తే ఎటు విసరాలి, రాకపోతే ఎవరికి అడ్డుగా వెళ్ళాలి, ఇవన్నీ బంతి పడకముందే మనసులో తేల్చుకోవాలి. ఒళ్ళు బలం తక్కువైనవాడు ఈ లెక్కతోనే బతకాలి. వీవర్ పదేళ్ళు అలాగే బతికారు.

ఆ లెక్కే తర్వాత కాగితాల మీదికి వచ్చింది. ఏ బ్యాటర్ ఏ పిచ్చర్ మీద ఎలా ఆడాడో చిన్న అట్టముక్కల మీద రాయించి డగౌట్‌లో దగ్గర పెట్టుకునేవారు. 1975లోనే బంతి వేగం కొలిచే రాడార్ గన్ వాడిన మొదటి మేనేజర్లలో ఆయన ఒకరు. ఒక రన్నర్‌ను ముందుకు జరపడం కోసం కావాలని ఒక అవుట్ ఇచ్చే బంట్ అంటే ఆయనకు ఇష్టముండేది కాదు. మ్యాచ్ మొత్తానికి ఉన్నవి 27 అవుట్లు, వాటిలో ఒకటి ఊరికే ఎందుకు ఇవ్వాలి అనేవారు. మంచి పిచింగ్, తప్పులు లేని ఫీల్డింగ్, మూడు పరుగులు తెచ్చే ఒక హోమ్ రన్. ఆయన నమ్మిన ఆట ఇదే.

షార్ట్‌స్టాప్ మార్క్ బెలాంజర్ మేటి ఫీల్డర్లకు ఇచ్చే గోల్డ్ గ్లవ్ ఎనిమిది సార్లు గెలిచినవాడు, కానీ బ్యాటింగ్ బలహీనం. 1975 సెప్టెంబరులో వేరే ఊళ్ళలో ఆడేటప్పుడు వీవర్ ఏం చేశారంటే, రాయిల్ స్టిల్మన్ అనే బ్యాటర్‌ను షార్ట్‌స్టాప్‌గా పేరు రాసి మొదటి బ్యాటర్‌గా పంపేవారు. అతని బ్యాటింగ్ అయ్యాక, ఫీల్డింగ్‌కు దిగేముందు బెలాంజర్‌ను మార్చేవారు. నిబంధనలో ఎక్కడా తప్పు లేదు.

కృష్ణాతీరం · ఆదివారం, రాత్రి 10:30

నేను డేటా రంగంలో పనిచేస్తాను కాబట్టి అట్టముక్కల సంగతి చదివి ఇంకొంచెం వెతికాను. ఆయన సెకండ్ బేస్‌మన్ డేవీ జాన్సన్ గణితం చదువుకున్నవాడు. ఓరియోల్స్ యజమానికి బీరు తయారుచేసే కంపెనీ ఉండేది. ఆ కంపెనీ కంప్యూటర్‌లో జాన్సన్ ప్రోగ్రామ్ రాసి, బ్యాటర్లను ఏ క్రమంలో పంపితే పరుగులు ఎక్కువ వస్తాయో లెక్కగట్టి కాగితాలు తీసుకెళ్ళి వీవర్‌కు ఇచ్చాడు. వీవర్ వాటిని చెత్తబుట్టలో వేశారు. జాన్సన్ తర్వాత మేనేజరై 1986లో న్యూయార్క్ మెట్స్‌కు వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిపించాడు, కంప్యూటర్ వాడే. మరుసటి ఏడాది, 1987లో, వీవర్ పేరుతోనే ఒక కంప్యూటర్ బేస్‌బాల్ ఆట విడుదలైంది. మేనేజరు ఎలా ఆలోచిస్తాడో ఆయనను అడిగి తెలుసుకుని తయారుచేసిన ఆట అది. ఆయన అట్టముక్కలు, జాన్సన్ కాగితాలు ఒకే దారిలో ఉన్నాయని నాకనిపిస్తుంది. ఆయన పారేయకుండా చదివి ఉంటే బాగుండేది.

పాత స్కోరుబోర్డు · సోమవారం, ఉదయం 6:50

గోదావరి గట్టు గారి అబ్బాయి కోసం ఎల్మైరా సంగతి ఒకటి రాయాలి. నా దృష్టిలో వీవర్ జీవితంలో అన్నిటికన్నా గొప్ప సీజన్ వరల్డ్ సిరీస్ గెలిచిన 1970 కాదు, 1962.

స్టీవ్ డాల్కోవ్‌స్కీ అని ఎడమచేతి పిచ్చర్ ఉండేవాడు. బేస్‌బాల్‌లో అంత వేగంగా విసిరినవాడు మరొకరు లేరని చూసినవారు అంటారు. బంతి ఎక్కడికి వెళుతుందో మాత్రం అతనికే తెలిసేది కాదు. 1960లో 170 ఇన్నింగ్స్‌లో (ఇక్కడ ఒక ఇన్నింగ్స్ అంటే మూడు అవుట్లు) 262 మందిని స్ట్రైక్ అవుట్ చేసి, సరిగ్గా 262 మందికి వాక్ ఇచ్చాడు. స్ట్రైక్ అవుట్ అంటే బ్యాటర్ కొట్టలేకపోయిన మూడు బంతులతో, అంటే మూడు స్ట్రైకులతో, అవుట్ చేయడం. వాక్ అంటే గురి తప్పిన బంతులు నాలుగు వేసి బ్యాటర్‌కు ఉచితంగా బేస్ ఇచ్చేయడం. అతని దగ్గరికి వచ్చిన ప్రతి కోచ్ ఏదో ఒకటి మార్చేవాడు. కాలు ఇలా పెట్టు, చెయ్యి అలా తిప్పు అని. ఎల్మైరాలో వీవర్ చేతికి వచ్చాడు. ఇన్ని సలహాలు ఈ కుర్రాడి తలలో పట్టవు, అవే అతన్ని పాడుచేస్తున్నాయి అని వీవర్ గ్రహించారు. అన్నీ తీసేశారు. రెండే రకాల బంతులు వెయ్యి, బ్యాటర్ ముందుండే ప్లేటు నడిమికి గురిపెట్టు, రెండు స్ట్రైకులు పడ్డాక నేను ఈల వేస్తాను, అప్పుడు ఉన్న బలమంతా పెట్టి విసురు. అంతే చెప్పారు.

ఆ సీజన్‌లో 160 ఇన్నింగ్స్, 192 స్ట్రైక్ అవుట్లు, 114 వాక్‌లు. అతని జీవితంలో ఇన్నింగ్స్ కన్నా వాక్‌లు తగ్గింది అదే మొదటిసారి. మరుసటి వసంతంలో మేజర్ లీగ్ గడప దాకా వచ్చి, చెయ్యి దెబ్బతిని, మళ్ళీ ఆ వేగం అందుకోలేకపోయాడు. తర్వాతి జీవితం చాలా కష్టంగా గడిచింది. 2003లో క్యామ్డెన్ యార్డ్స్‌కు పిలిచి, మ్యాచ్ మొదలయ్యేముందు గౌరవంగా మొదటి బంతి వేయించారు. 2020లో చనిపోయాడు.

ఎల్మైరా నుంచి మేజర్ లీగ్‌కు వెళ్ళినవారి పేర్లు అందరూ చెబుతారు. వెళ్ళలేకపోయిన ఈ ఒక్కడికి ఒక మంచి ఏడాది ఇచ్చినది, తానూ వెళ్ళలేకపోయిన మనిషే.

మెదక్ మాస్టారు · సోమవారం, ఉదయం 8:15

"అన్నీ తీసేశారు" అన్నచోట ఆగిపోయాను. నా దగ్గర పద్నాలుగేళ్ళ లెగ్ స్పిన్నర్ ఒకడున్నాడు. ఈ రెండు నెలల్లో వాడికి నేను చెప్పిన మార్పులు లెక్కపెట్టాను. ఏడు. ఇవాళ సాయంత్రం నెట్స్‌లో ఒక్కటి కూడా చెప్పను.

సాఫ్ట్‌బాల్ అమ్మ · సోమవారం, మధ్యాహ్నం 12:40

కాల్ రిప్‌కెన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా అమ్మాయికి ఆయనే దేవుడు. అప్పట్లో షార్ట్‌స్టాప్ అంటే చిన్నగా, చురుగ్గా ఉండేవాళ్ళే ఆడాలని అనుకునేవారు. రిప్‌కెన్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు, థర్డ్ బేస్‌లో ఆడుతున్నాడు. 1982 జూలై 1న వీవర్ ఆయనను షార్ట్‌స్టాప్‌కు మార్చారు. చాలామంది వద్దన్నారు. ఆ రిప్‌కెనే వరుసగా 2,632 మ్యాచ్‌లు ఆడి చరిత్రలో నిలిచారు. శరీరం చిన్నదని తాను ఎన్నిసార్లు విని ఉంటారో వీవర్‌కే తెలియాలి. ఆయన మాత్రం ఎదుటివాడి ఎత్తును చూసి చోటు నిర్ణయించలేదు.

ఇంకొక మాట. ఇప్పటి మైనర్ లీగ్ ఆటగాళ్ళ పరిస్థితి కాస్త మెరుగైంది. 2022లో వారు సంఘంలో చేరారు, 2023లో మొదటి ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం ప్రకారం 2023లో ట్రిపుల్ ఎ లో ఏడాదికి కనీసం 35,800 డాలర్లు, డబుల్ ఎ లో 30,250 వచ్చేవి. అంతకుముందు ఇందులో సగం కూడా వచ్చేది కాదు చాలామందికి. వీవర్ కాలంలోవారు సీజన్ అవగానే ఊళ్ళో ఏదో ఒక పని చూసుకునేవారు. మన ఇళ్ళకు దగ్గరలోనే బోవీలో డబుల్ ఎ జట్టు ఉంది. పిల్లలను అక్కడికి తీసుకెళ్ళండి. మైదానం చిన్నది, ఆటగాళ్ళు కంచె దగ్గరికి వచ్చి మాట్లాడతారు.

గోదావరి గట్టు · సోమవారం, రాత్రి 9:10

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్నా ఇవాళా భోజనాల దగ్గర ఇవన్నీ చదివి వినిపించాను. ఫిట్జెరాల్డ్, డబ్లిన్, అబర్డీన్, ఫాక్స్ సిటీస్, ఎల్మైరా, రోచెస్టర్. వాడు ఫోనులో మ్యాపు తెరిచి ఒక్కో ఊరూ వెతికాడు. డాల్కోవ్‌స్కీ సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. "ఆయనకు ఈల వేసేవాళ్ళు తర్వాత ఎవరూ లేరా?" అని అడిగాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

బోవీకి వచ్చే శనివారం వెళదామనుకుంటున్నాం. సాఫ్ట్‌బాల్ అమ్మ గారూ, మీ అమ్మాయిని కూడా తీసుకురండి. బాబాయి గారూ, మీరు వస్తానంటే నేను కారులో వచ్చి తీసుకెళతాను.

బాల్టిమోర్ బాబాయి · సోమవారం, రాత్రి 10:25

తప్పకుండా వస్తాను నాయనా. మోకాళ్ళు సహకరించవు కానీ కంచె పక్కన కుర్చీ దొరికితే చాలు.

మీ అబ్బాయికి ఇంకొకటి కూడా చెప్పు. ఎల్మైరాలో మైదానం చూసుకునే ప్యాట్ శాంటరోనీ అనే ఆయన ఉండేవారు. వీవర్‌కు స్నేహితుడు. తర్వాత ఆయన కూడా బాల్టిమోర్ మెమోరియల్ స్టేడియానికి వచ్చేశారు. ఇద్దరూ కలిసి లెఫ్ట్ ఫీల్డ్ ఫౌల్ గీత అవతల టమాటా మొక్కలు నాటి, ఎవరి కాయలు పెద్దవని ఏటా పందెం వేసుకునేవారు. నేను ఆ మొక్కలను కళ్ళారా చూశాను. 1979లో వరల్డ్ సిరీస్ జరుగుతున్న మైదానంలో ఒక పక్కన టమాటా పాదు! మా ఆవిడ ఆ ఏడే మా అద్దె ఇంటి వెనక మొదటిసారి టమాటా, గోంగూర వేసింది.

మీవాడిని గ్లవ్ తెచ్చుకోమను. మ్యాచ్‌కు గంట ముందు వెళితే ఇన్‌ఫీల్డర్లు డబుల్ ప్లే సాధన చేస్తుంటారు. సెకండ్ బేస్ వైపు కూర్చుందాం. పాదం ఎప్పుడు తిప్పుతారో చూపిస్తాను.

గోదావరి గట్టు · సోమవారం, రాత్రి 10:40

గ్లవ్ ఇప్పుడే బయటికి తీశాడు బాబాయి గారూ. తోలు గట్టిపడిపోయింది, నూనె రాస్తున్నాడు.